చిన్న ఇంటికి చాలిన యాంప్లిఫయర్

పెద్ద ఇంటినుంచి చిన్న ఇంటికి మారేటప్పుడు బీరువాలు, మంచాలు, ఇత్తడి సామాను ఏవి ఉంచుకోవాలో, ఏవి వదులుకోవాలో ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకుంటారు. పాటలు వినే సామగ్రి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చర్చ ఒక్క మాటలో ముగిసిపోతుంది. “ఇంకా ఎందుకండీ ఆ పెట్టెలు? ఫోనులో అన్నీ వస్తున్నాయిగా!” అనేస్తారు. మన సంఘ సభ్యుల్లో అరవై దాటినవారు చాలామంది ఇప్పుడు ఈ దశలోనే ఉన్నారు. మేమూ ఈమధ్యనే కోడంబాక్కం వైపు ఉన్న పాత ఇల్లు వదిలి రెండు పడకగదుల ఫ్లాటుకు వచ్చాము. ఆ సందర్భంలో తెలుసుకున్న సంగతులు మరి కొందరికి పనికి వస్తాయన్న ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పాత హాల్లో ఒక గోడంతా నా సామగ్రిదే. ప్రీయాంప్లిఫయర్ వేరే, పవర్ యాంప్లిఫయర్ వేరే, ట్యూనరు, క్యాసెట్ డెక్కు, రికార్డు ప్లేయరు, నడుమెత్తు స్పీకర్లు రెండు. కొత్త హాలు పన్నెండు అడుగులకు పది. అందులో టీవీ, సోఫా, పూజామందిరం పోగా నాకు మిగిలింది ఒక అలమారలో రెండు అరలు. ప్రీయాంప్లిఫయర్, పవర్ యాంప్లిఫయర్ రెండూ ఒకే పెట్టెలో ఇమిడిపోయిన దానిని ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్ అంటారు. నాకు కావలసింది అదేనని తేలింది. అయితే ఎలాంటిది?

ముందు ఏమి వినాలో తేల్చుకోవాలి

దుకాణంలో మొదట అడిగేది “ఎన్ని వాట్లు కావాలి సార్?” అని. మనం ఇంట్లో వేసుకోవలసిన ప్రశ్న అది కాదు. ఇంట్లో ఏమేమి వినిపించాలి అన్నదే మొదటి ప్రశ్న. మా ఇంట్లో సుమారు రెండు వందల ఎల్పీ రికార్డులు, నలభై దాకా 78 ఆర్‌పీఎం రికార్డులు ఉన్నాయి. మా నాన్నగారు పోగుచేసినవి. వీటిలోని సినిమా పాటలు ఫోనులో దొరుకుతాయి, నిజమే. నాటక పద్యాలు, హరికథలు, లలితగీతాలు ఎంత వెదికినా చాలావరకు నాకు దొరకలేదు.

ఇందులో మరో విషయం ఉంది. రాష్ట్రం బయట పెరిగే మన పిల్లలకు తెలుగు చెవి ద్వారానే వస్తుంది. మా మనవరాలు బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతుంది. తెలుగు అక్షరాలు రావు. కానీ 1957 నాటి ‘మాయాబజార్’ పాటలు వినివిని “తాతయ్యా, ఈ మాటకు అర్థమేమిటి?” అని అడుగుతుంది. ఆ సినిమా తీసింది ఈ ఊళ్ళోనే అంటే దానికి ఎంత ఆశ్చర్యమో! అందుకని రికార్డు ప్లేయరు ఉండి తీరాలని నిర్ణయించుకున్నాము. ఆ ఒక్క నిర్ణయంతో సగం యాంప్లిఫయర్లు జాబితాలోంచి తప్పుకున్నాయి.

ఫోనో అన్న గుర్తు ఉందా?

రికార్డు ప్లేయరునుంచి వచ్చే సంకేతం చాలా బలహీనం. మామూలు మూవింగ్ మాగ్నెట్ కార్ట్‌రిడ్జి ఇచ్చేది సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. సీడీ ప్లేయరు పూర్తి స్థాయిలో ఇచ్చేది 2 వోల్టుల దాకా. అంటే వందల రెట్లు తేడా. అంతేకాక రికార్డు తయారీలో గాడి మరీ వెడల్పు కాకుండా మంద్రధ్వనులను తగ్గిస్తారు, గరగర మరుగున పడడానికి తారధ్వనులను పెంచుతారు. 1954 ప్రాంతంలో స్థిరపడిన ఈ పద్ధతిని ఆర్ఐఏఏ అంటారు. వినేటప్పుడు దీనిని సరిగ్గా తలకిందులు చేయాలి. ఈ రెండు పనులూ చేసేది ఫోనో విభాగం. యాంప్లిఫయరు వెనుక ‘ఫోనో’ అన్న గుర్తు లేకపోతే ఆ పనికి మరో చిన్న పెట్టె కొనాలి, మరో ప్లగ్గు వెతకాలి. చోటు తగ్గించుకుంటున్నవారికి ఇది అనవసరపు బాధ.

78 రికార్డులు ఉన్నవారికి ఒక హెచ్చరిక. వాటి గాడి వెడల్పు ఎక్కువ. ఎల్పీ ముల్లుతో వేస్తే అది గాడి అడుగున తిరుగుతూ చప్పుడు చేస్తుంది. దానికి వేరే ముల్లు ఉండాలి. పైగా ఆ రికార్డుల్లో చాలా ఆర్ఐఏఏ పద్ధతికి ముందువి, రకరకాలుగా తయారైనవి. అందుకని బేస్, ట్రెబుల్ మీటలు ఉన్న యాంప్లిఫయరైతే చేత్తో సరిదిద్దుకోవచ్చు.

వాట్ల మాయ

ఇక వాట్ల సంగతి. 1990లలో మ్యూజిక్ సిస్టముల మీద ‘1000 వాట్ల పీఎంపీఓ’ అన్న స్టిక్కర్లు మీకు గుర్తుండే ఉంటాయి. పీఎంపీఓ అన్నది రెప్పపాటు కాలానికి వేసిన కాకిలెక్క. చూడవలసింది ఆర్ఎంఎస్ అని రాసిన అంకె; అదీ ఎన్ని ఓముల స్పీకరుకు, రెండు ఛానళ్ళూ కలిసి పనిచేస్తుండగానా కాదా అన్నది చూసుకోవాలి.

వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం రెట్టింపవుతుందని చాలామంది అనుకుంటారు. పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపుగా తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పది రెట్లు వాట్లు కావాలి. మామూలు చిన్న స్పీకరు ఒక్క వాటుకు, ఒక మీటరు దూరంలో 86 డెసిబెల్స్ దాకా ఇస్తుంది. మనం మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్. పన్నెండు అడుగుల హాల్లో పక్కింటివారు తలుపు కొట్టకుండా పాట వినడానికి ఒక వాటు కూడా ఖర్చు కాదన్నమాట. మిగిలిన వాట్లు మృదంగం దెబ్బలాంటి ఆకస్మిక ధ్వనులకు ఉండే నిలవ. 1978లో వచ్చిన నాడ్ 3020 అనే ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయరుకు చెప్పిన శక్తి 20 వాట్లే. అయినా ప్రపంచమంతా అమ్ముడుపోయి ఆ తరగతికి ఒక కొలబద్దగా నిలిచింది. మన ఫ్లాటుకు 30, 40 వాట్లు ధారాళం.

ఫ్లాటులో వాట్లకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. శబ్దం తగ్గించి వింటే మన చెవికి మంద్రధ్వనులు సరిగ్గా అందవు. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లోనే దీనిని కొలిచి చూపించారు. రాత్రి తొమ్మిదింటికి చిన్నగా పెడితే పాట పలచబడినట్లు తోచేది అందుకే. ‘లౌడ్‌నెస్’ అన్న మీట ఈ లోటును పూడ్చడానికే ఉంది. నాబోటివాళ్ళకు ఇది అలంకారం కాదు, అవసరం.

చవకగా దొరికేవాటి మంచిచెడ్డలు

అరచేతిలో పట్టే క్లాస్ డి యాంప్లిఫయర్లు ఇప్పుడు చాలా చవకగా వస్తున్నాయి. వేడెక్కవు, కరెంటు తక్కువ తాగుతాయి, చోటు అక్కరలేదు. వీటిని చిన్నచూపు చూడనక్కరలేదు. అయితే పెట్టె మీద రాసిన వాట్లను దానితో ఇచ్చిన అడాప్టరుతో సరిచూసుకోండి. 24 వోల్టులు, 4 ఆంపియర్ల అడాప్టరంటే మొత్తం 96 వాట్లు. దానినుంచి రెండు స్పీకర్లకూ తలా వంద వాట్లు ఎడతెగకుండా ఎక్కడినుంచి వస్తాయి? వీటిలో చాలావాటికి ఫోనో విభాగం కూడా ఉండదు.

సెకండ్ హ్యాండులో మంచి సరుకు దొరుకుతుంది. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగుళూరులో ఎస్.పి. రోడ్డు, ముంబయిలో లామింగ్టన్ రోడ్డు ఇలాంటి సామానుకు పేరుపడ్డవి. పాత యాంప్లిఫయరు వాల్యూము మీట తిప్పుతూ వినండి. గరగరమంటే శుభ్రం చేయించాలి. గంటసేపు పనిచేయనిచ్చి, పాట ఆపి స్పీకరుకు చెవి ఆనించండి. గుమ్మనే శబ్దం గట్టిగా వస్తుంటే లోపలి కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. వాటిని మార్చే మెకానిక్కు దగ్గరలో ఉంటేనే కొనండి.

“మామయ్యగారూ, ఇక్కడ చవక, వచ్చేటప్పుడు తెస్తాను” అని అమెరికానుంచి మా అల్లుడు ఫోను చేశాడు. ప్రేమకు సంతోషించి వద్దన్నాను. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. అక్కడ అమ్మే చాలా యాంప్లిఫయర్లకు మార్చుకునే స్విచ్చి ఉండదు. బరువైన ట్రాన్స్‌ఫార్మరు అదనంగా కావాలి. గ్యారంటీ కూడా సాధారణంగా సముద్రం దాటదు.

చివరికి కొన్నది

నా లెక్కకు మూడు నిలిచాయి. నాడ్ సి 316 బీఈఈ వీ2 (40 వాట్లు), డెనాన్ పీఎంఏ-600ఎన్‌ఈ (45 వాట్లు), యమహా ఏ-ఎస్301 (60 వాట్లు). మూడింటికీ ఫోనో ఉంది. నాడ్‌కు టీవీనుంచి వచ్చే ఆప్టికల్ తీగకు చోటు లేదు. డెనాన్‌కు అదీ ఉంది, బ్లూటూతూ ఉంది. యమహాకు బ్లూటూత్ లోపల లేదు గాని, కావలసినంత మేరకు తిప్పుకునే లౌడ్‌నెస్ మీట ఉంది. రాత్రిళ్ళు వినేవాణ్ణి గనుక యమహాకే మొగ్గాను. పాత ప్రీ, పవర్ యాంప్లిఫయర్లను ఒక సంగీతాభిమానికి అమ్మితే సగం ఖరీదు వచ్చింది. బ్లూటూత్‌కు చిన్న రిసీవరు తగిలించాము. ప్రసార భారతి యాప్‌లో ఆకాశవాణి తెలుగు కేంద్రాలు పెట్టుకుని మా ఆవిడ ఉదయం పని చేసుకుంటుంది. ఫోను వద్దని కాదు గదా, దానికీ ఒక అర దొరికింది.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. స్పీకరు తీగలు ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు కలవాలి. ఒకవైపు తారుమారైతే బేసు మాయమవుతుంది. యాంప్లిఫయరు పైన జానెడు ఖాళీ ఉంచి, దాని నెత్తిన పూలకుండీ, లేసు గుడ్డ పెట్టకండి. గాలి ఆడకపోతే దాని ఆయుష్షు తగ్గుతుంది.

ఆఖరుగా ఒక మనవి. ఇల్లు మారుతూ ప్లేయరు వద్దనుకున్నవారు ఉంటారు, తప్పు లేదు. కానీ అటకమీది రికార్డులను పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. నిలబెట్టి, కవరు తొడిగి, సంఘం గ్రంథాలయానికి కబురు చేయండి. మీ పెద్దలు డబ్బు కూడబెట్టి కొన్న ఆ పద్యం వినడానికి మరో తెలుగింటి పిల్ల ఉండవచ్చు.