వకీలు అడిగినవి మూడు ప్రశ్నలు - తహసీలు ఆఫీసుకు పట్టింది మూడు నెలలు

బ్యాంకు వకీలు అడిగినవి మూడే ప్రశ్నలు. ఈ సర్వే నెంబరులో ఈ రెండెకరాలు ఏ సంవత్సరం, ఏ ఫైలు కింద లావుణి పట్టా ఇచ్చారు? ఆ పట్టా ఇప్పటికీ అమలులో ఉన్నదా, రద్దయిందా? నిషేధిత భూముల జాబితాలో ఈ నెంబరు ఎందుకు చేరింది? మూడింటికీ జవాబు మా మండల తహసీలు ఆఫీసులో, ఒకే బీరువాలో ఉన్నది. వెతికి రాయడానికి ఒక పూట చాలు. పట్టింది తొంభై నాలుగు రోజులు.

భూమి ఒక వ్యవసాయ కూలీ స్త్రీది. భర్త చనిపోయాడు. విరాసత్ ఆమె పేర అయింది. పాసుపుస్తకం ఉన్నది. 2025 ఎండాకాలంలో బోరు వేసుకొని, వానలకు ముందే నాలుగు మడులు తడుపుకుందామని బ్యాంకుకు పోయింది. అసైన్డు భూమి మీద అప్పు పుట్టదని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. బ్యాంకుల్లో కూర్చున్నవాళ్ళు కొందరు కూడా అట్లాగే చెప్పి పంపిస్తారు. అది తప్పు. 1977 నాటి 9వ నెంబరు చట్టం అసైన్డు భూమి అమ్మకాన్ని నిషేధించింది గాని, షెడ్యూల్డు బ్యాంకుకో, సహకార సంఘానికో తాకట్టు పెట్టుకోవడాన్ని నిషేధించలేదు. కాకపోతే పట్టా అసలైనదేనని బ్యాంకు తరఫు వకీలు రాసివ్వాలి. ఆయన తన ఇంట్లో కూర్చొని ఎట్లా రాస్తాడు? తహసీల్దారును అడగాల్సిందే.

పట్టా ఏ సంవత్సరానిదన్న ప్రశ్న ఊరికే అడిగింది గాదు. 1958లో వచ్చిన 1406 నెంబరు జి.ఓ. తర్వాత ఇచ్చిన పట్టాలకు అమ్మరాదన్న షరతు ఉన్నది. అంతకు ముందటి వాటి సంగతి వేరు. ఆ ఒక్క సంవత్సరం తేల్చక, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద పెట్టిన జాబితాలో పేదల నెంబర్లు పడి మూలుగుతున్నాయి.

మార్చి చివరి వారంలో వకీలు ఉత్తరం ఆఫీసు లోపలికి పోయింది. ఏప్రిల్‌లో అడిగితే "కొత్త చట్టం వస్తున్నదమ్మా, ఆగు" అన్నారు. ఏప్రిల్ 14న ధరణి పోయి భూభారతి వచ్చింది. మేలో అడిగితే "దొర సంతకం గాలేదు, గిర్దావరు రిపోర్టు రావాలె" అన్నారు. గిర్దావరును అడిగితే ఫైలు నా దగ్గరికి రానేలేదన్నాడు. జూన్‌లో "అందరం ఊళ్ళల్లో రెవెన్యూ సదస్సులకు పోయినం, ఎవరున్నరు ఇక్కడ?" అన్నారు. ప్రతి మాటలోనూ కొంత నిజం ఉన్నది. అదే చిక్కు. అబద్ధమైతే నిలదీయవచ్చు.

ఆమె ఏడుసార్లు తిరిగింది. 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకు టికెట్టు లేదు, నిజమే. ఏడు రోజుల కూలి ఎవరు కట్టిస్తారు? ఆ ఏడు దినాలు ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగిందో మండలాఫీసు రిజిస్టరులో ఎక్కడా రాయరు.

ఆ ఆఫీసులోనే పనిచేసే ఒక జూనియర్ అసిస్టెంటు నాతో అన్నాడు: "అన్నా, మీ ఒక్క ఫైలు కాదు. పాత రికార్డు చదివేటోడే లేడు మాకు." ఇది కొట్టిపారేయదగిన మాట గాదు. 1954-55 ఖాస్రా పహాణి ఉర్దూలో ఉన్నది. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారులను తీసేశారు. 2025 సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులు వచ్చేదాకా, ఐదేళ్ళపాటు, ఊళ్ళో ఏ చెలక ఎవరిదో చూసి చెప్పే ఉద్యోగి లేడు. మనుషుల్ని తీసేసి కంప్యూటరు పెడితే అవినీతి పోతుందన్నారు. పోయింది ఊరి ఉద్యోగి. పైరవీకారు మాత్రం ఆఫీసు ముందరి జిరాక్సు షాపులోనే ఉన్నాడు. నాలుగు వందల మామిడి చెట్లున్న ఆసామికి అదే బీరువాలోంచి సాయంత్రానికల్లా నకలు చేతికొచ్చింది. ఆ రోజు ఉర్దూ చదివేవాడు ఎక్కడినుండి దొరికాడో!

మా పొరపాటు కూడా చెప్పాలి. ఏప్రిల్‌లో సంఘం తరఫున ఆఫీసు ముందర ధర్నా చేశాం, నినాదాలిచ్చాం. తహసీల్దారు బయటికొచ్చి "వారంలో చేస్తాం" అన్నాడు. చప్పట్లు కొట్టి ఇంటికొచ్చాం. ఎవరి చేతిలోనూ తేదీ వేసిన కాగితం లేదు. నోటిమాటకు తేదీ ఉండదు.

మే నెలలో పద్ధతి మార్చాం. ఇట్లాంటి వాళ్ళందరినీ కూడగడితే ముప్పై ఒక్క మంది తేలారు. ఒకే రోజు, ఒకరి వెనక ఒకరు, రెండేసి ప్రతులతో పోయారు. ఒక ప్రతి లోపలికి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ. ముద్ర వేయమన్న తొమ్మిది మందివి రిజిస్టర్డు పోస్టులో పంపాం. దాంతోపాటు 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు. మండల స్థాయిలో రుసుము ఐదు రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే పై అధికారికి అప్పీలు. తప్పు రుజువైతే రోజుకు 250 రూపాయల చొప్పున, 25 వేలు మించకుండా, ఆ అధికారికి జరిమానా వేయవచ్చు.

ఇక్కడ కార్యకర్తలు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటున్నది. "నా భూమి ఎవరిది?" అని రాస్తే కాగితం తిరిగొస్తుంది. ఆ చట్టం కింద రికార్డు ఇస్తారు గాని తీర్పు చెప్పరు. "ఫలానా సర్వే నెంబరుకు అసైన్‌మెంటు రిజిస్టరులో ఉన్న పేజీ నకలు, 1975-76 పహాణి నకలు, వకీలు ఉత్తరం మీద ఇప్పటిదాకా ఏయే తేదీల్లో ఎవరేం రాశారో ఆ నోట్‌ఫైలు నకలు" అని రాయాలి. నోట్‌ఫైలు అడగ్గానే మావాళ్ళ కాగితాలకు కాళ్ళొచ్చాయి. వకీలు ఉత్తరం మీద యాభై రోజులపాటు ఒక్క అక్షరం కూడా పడలేదని అందులోనే బయటపడింది.

ఈ చట్టం ఒక్కటే గట్టెక్కిస్తుందని నేననను. 2023 ఫిబ్రవరి నుండి రెండేళ్ళకు పైగా తెలంగాణలో రెండో అప్పీలు వినడానికి సమాచార కమిషనర్లే లేరు. ప్రభుత్వం కుర్చీలు ఖాళీగా ఉంచితే చట్టం నోరు మూతపడుతుంది. కనుకనే జవాబుకు గడువు చట్టంలోనే ఉండాలని అడుగుతున్నాం. మధ్యప్రదేశ్ 2010లో, కర్ణాటక 2011లో ప్రజాసేవలకు రోజులు లెక్కకట్టి చట్టాలు చేశాయి. వకీలు గాని, పట్టాదారు గాని భూమి గురించి రాసి అడిగితే ఇన్ని రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పలేకపోతే ఎందుకు చెప్పలేరో అదీ రాసివ్వాలి. ఉర్దూ రికార్డు చదివే మనిషిని డివిజనుకు ఒకరినైనా పెట్టాలి.

ముప్పై ఒక్క మందిలో పంతొమ్మిది మందికి జవాబులొచ్చాయి. ఆ తల్లికి జూన్ ఆఖరున వచ్చింది: పట్టా 1972 నాటిది, అమలులో ఉన్నది, రద్దు కాలేదు. వకీలు మరునాడే రాసిచ్చాడు. అప్పటికి ఆమె ఎరువుల దుకాణంలో నూటికి మూడు వడ్డీకి తెచ్చి, బోరు లేకుండానే పత్తి గింజలు పెట్టింది. మిగతా పన్నెండు మంది కాగితాలు ముద్రలతో సహా సంఘం ఆఫీసులో ఉన్నాయి. సోమవారం కలెక్టరేటు ప్రజావాణికి పోతున్నాం. ఆ పన్నెండు ఊళ్ళ కార్యకర్తలు రెండేసి ప్రతులు తీయించుకొని, పొద్దున తొమ్మిదింటికల్లా బస్టాండు దగ్గరికి రావాలి.