హాలోవీన్ సాయంకాలమున బిడ్డల సంరక్షణము

అమెరికాలో కాపురముండు తెనుగు సోదరీమణులకు అక్టోబరు 31వ తేదీ దగ్గరపడుకొలది ఒక చింత పట్టుకొనును. ఆ దినము హాలోవీన్. ప్రొద్దు గ్రుంకు వేళకు పిల్లలు దయ్యములుగను, మంత్రగత్తెలుగను, రాజులుగను, పులులుగను వేషములు ధరించి, సంచులు చేతబట్టి, ఇంటింటి తలుపు తట్టి “ట్రిక్ ఆర్ ట్రీట్” అని కేకవేయుదురు. మిఠాయి పెట్టెదరా, మా యల్లరి చూచెదరా యని దాని భావము. మనుమలను చూడబోయిన అమ్మమ్మలలో “మన పిల్లలకీ భిక్షాటనమేమి?” అని కినుక వహించువారును కలరు. కాని పూర్వము దసరాకు పంతులుగారు బడిపిల్లల చేతికి విల్లంబులిచ్చి, పద్యములు పాడించుచు ఇంటింటికి త్రిప్పి పప్పు బెల్లములు పెట్టించెడి వేడుక నెరిగిన వారికిది మిక్కిలి వింతగా తోపదు. భేదమొక్కటి కలదు. మన పిల్లలు వెడలినది పగటివేళ, వెంట పంతులుగారుండెడివారు, వీథిలో ఎడ్లబండికి మించిన వేగముగలది లేకుండెను.

తల్లులను ఎక్కువగా భయపెట్టునది మిఠాయి. ఎవరో క్రూరుడు అందు విషము కలిపెననియు, ఆపిలు పండులో కత్తిముక్క దాచెననియు వదంతులు ఏటేట పుట్టుచునే యుండును. జోయెల్ బెస్ట్ అను అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు 1958వ సంవత్సరము మొదలు పత్రికలలో వెలువడిన ఇట్టి వార్తలను వెదకి పరిశీలించెను. అపరిచితుడు పంచిన హాలోవీన్ మిఠాయి తిని బిడ్డ మరణించెననుటకు నిదర్శనమొక్కటియు ఆయనకు దొరకలేదు. 1974లో టెక్సాస్ రాష్ట్రమున 8 ఏండ్ల బాలుడు సయనైడు కలిసిన మిఠాయి తిని చనిపోయిన మాట వాస్తవమే. కాని అది కలిపినవాడు భీమా సొమ్మునకు ఆశపడిన కన్నతండ్రి! అతనికి విధించిన మరణశిక్ష 1984లో అమలు జరిగెను. ఆ యొక్క ఘోరమును తలచుకొని ఇరుగుపొరుగువారి నందరిని అనుమానించుట న్యాయము కాదు.

మరి నిజమైన అపాయమెచ్చట? వాకిటి ముందరి బాటలోనే. 1975 మొదలు 2016 వరకు 42 సంవత్సరముల అమెరికా రోడ్డుప్రమాదముల లెక్కలను కెనడా పరిశోధకులు తరచి చూచి 2018లో ప్రకటించిరి. వారము ముందును, వారము వెనుకను వచ్చు సాయంకాలములకంటె హాలోవీన్ సాయంకాలమున కాలినడకన పోవువారు బండ్లు తగిలి మరణించుట నూటికి 43 వంతులు అధికమట. 4 మొదలు 8 ఏండ్ల బిడ్డల విషయమున ఈ యాధిక్యము పది రెట్లు. 6 గంటల ప్రాంతము మిక్కిలి చెడ్డది. అంత దేశమునకు ఏటికి అదనముగ జరుగు మరణములు సగటున నాలుగే గనుక పిల్లలను ఇంట బంధింపనక్కరలేదు; చూపు మాత్రము మిఠాయి సంచినుండి రోడ్డుమీదికి మరల్చవలెను.

గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పు దినమును 2007 నుండి నవంబరు మొదటి ఆదివారమునకు జరుపుటచే, చాల రాష్ట్రములలో ఆ సాయంకాలము వెలుతురు కొంత నిలుచును. చిన్నబిడ్డలను ఆ వెలుతురులోనే త్రిప్పి తీసికొనిరండు.

జాగ్రత్త వేషము కుట్టునపుడే ఆరంభము కావలెను. నల్లని దయ్యపుబట్ట చీకటిలో కలిసిపోవును. కారు నడుపువారికి బిడ్డ కంటబడదు. వీపునను సంచిమీదను దీపపుకాంతికి మెరసెడి పట్టీ అంటించి, చేతికొక టార్చిలైటు ఇండు. మాస్కు కంటికి అడ్డము వచ్చును గాన మొగమునకు రంగు పూయుట మేలు. ఆ రంగును ముందురోజే ముంజేతికి కొంచెము పూసి, దద్దురులు లేవకుండుట చూచుకొనుడు. మన తల్లులు కొందరు కృష్ణవేషమనియో రాణివేషమనియో పట్టుపంచెయు పరికిణియు నేల జీరాడునట్లు కట్టుదురు. చూచుటకు ముద్దుగనే యుండును గాని మెట్లెక్కునపుడు అంచు కాలికి తగిలి బిడ్డ బోర్లపడును. చీలమండకు పైగా కట్టి, కిరీటము కనుబొమలమీదికి జారకుండ బిగింపుడు. మరియు ఆనాడు గుమ్మడికాయలను తొలిచి, కన్నులు నోరు చెక్కి, లోపల దీపముంచి గుమ్మముల కడ పెట్టుదురు. కొన్ని యిండ్ల మెట్లపై నిజమైన క్రొవ్వొత్తులే వెలుగుచుండును. ప్రక్కనుండి పోవు బిడ్డ నైలాను రెక్క అంటుకొనుటకు నిమిషము చాలును. సులభముగ అంటుకొనదని చీటీగల దుస్తులనే కొనుడు. మీ గుమ్మడికాయలో బ్యాటరీదీపము పెట్టుడు.

12 ఏండ్ల లోపు పిల్లల వెంట పెద్దలుండి తీరవలెను. సెల్‌ఫోనులో తలదూర్చి నడచు పెద్దలున్నను లేనట్లే. ఎదుటి యింట మంచి మిఠాయి ఇచ్చుచున్నారని వినగనే పిల్లలు రోడ్డునకడ్డముగ పరుగెత్తుదురు. అందుచే ఒక ప్రక్క యిండ్లన్నియు ముగించి, మూలమలుపు కడ దాటి, రెండవ ప్రక్కకు పోవుట మంచిది. నిలిపిన కార్ల సందునుండి దాటనీయరాదు.

వాకిటి దీపము వెలిగించుట రండని పిలుచుట. దీపము లేని యింటికి పోరాదు. దీపమున్న యింట గూడ గడప దాటి లోనికి పోరాదు. 1992లో లూయిసియానాలోని బేటన్ రూజ్ నగరమున, చదువునకై జపాను నుండి వచ్చిన 16 ఏండ్ల బాలుడు హాలోవీన్ విందునకు పోవుచు ఇల్లు పొరబడెను. ఆ యింటివాడు దుండగుడని భ్రమించి తుపాకితో కాల్చి చంపెను. తుపాకులు ఇంటింట మసలు దేశమది. నిజమువలె కనబడు బొమ్మతుపాకిని వేషమునకు జోడింపవలదు.

బయలుదేరకముందే కడుపునిండ అన్నము పెట్టినచో దారిలో సంచి విప్పుట తగ్గును. ఇంటికి వచ్చిన పిదప వెలుతురులో అన్నియు పరిశీలించి, చుట్టిన కాగితము చిరిగిన వానిని పారవేయుడు. నాలుగేండ్లు నిండని బిడ్డకు గట్టి బిళ్లలును పల్లీలును ఇయ్యరాదు, గొంతున అడ్డుపడును. పల్లీ పడని పిల్లలకు పొట్లము మీది అక్షరములన్నియు చదివి యిండు. లేత నీలమును ఆకుపచ్చయు కలిసిన రంగు పూసిన గుమ్మడికాయ వాకిట నున్నచో, ఆ యింట తినుబండారమునకు బదులు బొమ్మలో పెన్సిళ్లో కూడ దొరకును; 2014 నుండి ఈ గుర్తు దేశమంతట ప్రాకినది. శాకాహారులు మరియొకటి చూడవలెను. గమ్మీలు, మార్ష్‌మాలోలు అనువానిలో తరచుగ జెలటిన్ ఉండును. అది జంతువుల చర్మమునుండియు ఎముకలనుండియు తీయునది. ఊరక లాగుకొన్న బిడ్డ ఏడ్చును గాన వానికి బదులు వేరొక మిఠాయి ముందే సిద్ధపరచుకొనుడు.

మీ యింటికి గూడ పిల్లలు వత్తురు. నీళ్లగొట్టము, పూలకుండీలు దారినుండి తీసి, కుక్కను లోపల కట్టి, మెట్లమీద వెలుతురు పడునట్లు చేయుడు. మిఠాయిలు అయిపోయినపుడు వాకిటి దీపమార్పివేసిన చాలును. ఇక నెవరును తలుపు తట్టరు.