రెండో నంబరు కుంచె చాలు

ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో ప్లాస్టిక్ విమాన నమూనాలు కట్టాలని సరదా పుట్టినవారికి తొలి ప్రత్యర్థి సముద్రపు గాలే. ఉప్పుతేమకు కత్తి బ్లేడు ఇట్టే తుప్పు పడుతుంది. శ్రీ విజయపురం (2024 దాకా పోర్ట్‌బ్లెయిర్) రోడ్డున దాదాపు 300 కి.మీ.; తప్పు సరుకు కొంటే మార్చుకోవడం ఓ ప్రహసనం. మండే గుణమున్న స్ప్రే డబ్బాలను టపాలో అనుమతించరు. నీళ్లలో కలిసే యాక్రిలిక్ రంగులు, కుంచె ఉంటే సరి.

భారీ టూల్‌కిట్ అనవసరం. కత్తి, సైడ్ కట్టర్, సన్న ఆకురాయి, ట్వీజర్ చాలు. డబ్బు పెట్టాల్సింది కుంచె మీద. 1:72 స్కేలులో ఆరడుగుల పైలట్ 25 మి.మీ.కి కుదించుకుపోతాడు. అతగాడి ముఖానికి మూడు సున్నాల కుంచే కావాలనుకుంటారు కొత్తవారు. అంత సన్నటి కుచ్చులో నిలిచే రంగెంత? ముఖం చేరేలోపే ఆరిపోతుంది. కొస చెదరని 2వ నంబరు గుండ్రటి కుంచె మేలు. పని కాగానే కడిగి, కొస సవరించి ఆరబెట్టాలి. బ్లేడుకు నూనె చుక్క రాసి, మూత బిగించే డబ్బాలో దాచాలి.