పొట్ట లేని గిటార్ ఎలా మోగుతుంది?

మామూలు గిటార్‌కి బోలు పొట్ట ఉంటుంది. తీగ శబ్దం అక్కడే పెద్దదవుతుంది. చాలా ఎలక్ట్రిక్ గిటార్లకు ఆ పొట్టే ఉండదు. మరి మోత ఎక్కడిది?

తీగల కింద పికప్ ఉంటుంది: అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. పైనున్న ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం మారి, రాగి చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. యాంప్లిఫయర్ దాన్ని పెంచి స్పీకర్‌కి పంపుతుంది. నైలాన్ తీగలు బిగించారా, ఈ పికప్ మూగదే!

1931లో లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ బీచమ్ ఇలాంటి గిటార్ నమూనా తయారుచేయించాడు. ఆకారం చూసి దాన్ని 'ఫ్రయింగ్ పాన్' అన్నారు.

అసలు గారడీ గిటారిస్ట్ లెస్ పాల్‌ది. హాలీవుడ్‌లో తన ఇంటి గరాజ్‌లో ఒక వాయింపు మీద ఇంకొకటి పేర్చి 'లవర్' అనే పాట రికార్డు చేశాడు. 1948లో విడుదలైన ఆ రికార్డులో ఎనిమిది గిటార్లు వినిపిస్తాయి; వాయించింది ఆయనొక్కడే. ఇప్పటి ఇంటి స్టూడియోల్లో ఆడియో ఇంటర్‌ఫేస్ పికప్‌లో పుట్టిన కరెంటును సెకనుకు 44,100 సార్లో, అంతకంటే ఎక్కువసార్లో కొలిచి, అంకెలుగా కంప్యూటర్‌కి అందిస్తుంది.