వర్చువల్ ఎయిర్‌లైన్‌లో ఎమర్జెన్సీ డైవర్షన్: ఎప్పుడు దారి మళ్లించాలి, ఎలా మళ్లించాలి?

ఆదివారం సాయంత్రం. ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి ఏ320నియో. సిమ్యులేటర్‌లో లైవ్ వెదర్ ఆన్ చేసి ఉంది. శంషాబాద్ మీద ఉరుములతో వాన కురుస్తోంది, కంట్రోలర్ నన్ను హోల్డింగ్‌లో పెట్టాడు. ట్యాంకుల్లో 4,100 కిలోల ఫ్యూయల్ ఉంది. ఆల్టర్నేట్ బెంగళూరు. అక్కడ వాతావరణం శుభ్రంగా ఉంది.

వెళ్లొచ్చు కదా? వెళ్లలేదు. ఎందుకంటే నాకు వరసగా 46 ఫ్లైట్లు ఒక్కటి కూడా రిజెక్ట్ కాకుండా అప్రూవ్ అయ్యాయి. 50 పూర్తయితే 777 నడిపే ర్యాంక్ వస్తుంది. వేరే ఎయిర్‌పోర్ట్‌లో దిగితే మా ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ ఆ ఫ్లైట్‌ని ఆటోమేటిక్‌గా రిజెక్ట్ చేసేస్తుంది. అందుకే 50 నిమిషాలు గాల్లో తిరిగాను. ఒకసారి గో అరౌండ్ చేసి, రెండోసారి ఎలాగోలా దిగాను. గేట్ దగ్గర చూస్తే మిగిలింది 780 కిలోలు.

సిస్టమ్ మాత్రం పచ్చరంగులో "అప్రూవ్డ్" అని చూపించింది. పాయింట్లు కూడా పూర్తిగా వచ్చాయి. మరుసటి రోజు మా గ్రూప్‌లో ఒక సీనియర్ నా లాగ్ చూసి ఒకే ప్రశ్న అడిగారు: "తమ్ముడూ, ఆ విమానంలో నిజంగా 180 మంది ఉంటే ఇలాగే చేసేవాడివా?"

నా దగ్గర సమాధానం లేదు. ఈ ఆర్టికల్ ఆ ప్రశ్న నుంచి పుట్టిందే.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కల్లో

వర్చువల్ ఎయిర్‌లైన్ అంటే ఫ్లైట్ సిమ్యులేటర్ అభిమానులు కలిసి నడుపుకునే ఉత్తుత్తి విమానసంస్థ. షెడ్యూళ్లు, ర్యాంకులు, రూల్స్ అన్నీ ఉంటాయి. మీ కంప్యూటర్‌లో నడిచే ఏకార్స్ యాప్ ఫ్లైట్ మొత్తాన్ని రికార్డ్ చేసి, చివర్లో పైరెప్ అనే రిపోర్ట్ పంపుతుంది. వాట్‌సిమ్, ఐవావో లాంటి నెట్‌వర్క్‌లకు కనెక్ట్ అయితే ట్రాఫిక్ కంట్రోలర్లుగా కూడా మనలాంటి మనుషులే ఉంటారు.

మొదటి లెక్క: వెళ్లిపోవాల్సిన ఫ్యూయల్

ఆ రోజు సిమ్‌బ్రీఫ్ ప్లాన్‌లో నాకున్న అంకెలు ఇవి:

- హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లడానికి: 2,200 కిలోలు
- ఫైనల్ రిజర్వ్: 1,050 కిలోలు
- హోల్డింగ్‌లో ఖర్చు: నిమిషానికి సుమారు 38 కిలోలు

ఫైనల్ రిజర్వ్ అంటే జెట్ విమానాలకు, ఎయిర్‌పోర్ట్ మీద 1,500 అడుగుల ఎత్తులో 30 నిమిషాలు తిరగడానికి సరిపోయే ఇంధనం. ఇది వాడుకోవడానికి ఉంచింది కాదు, ముట్టుకోకుండా ఉంచాల్సింది.

ఇప్పుడు కూడండి. 2,200 + 1,050 = 3,250. మీటర్ 3,250 చూపించిన క్షణంలో నేను బెంగళూరు వైపు తిరిగి ఉండాలి. 4,100లోంచి 3,250 తీసేస్తే 850. దాన్ని 38తో భాగిస్తే 22 నిమిషాలు. అంటే నాకున్న హోల్డింగ్ టైమ్ 22 నిమిషాలే. నేను తిరిగింది 50 నిమిషాలు!

కాబట్టి హోల్డింగ్‌లోకి వెళ్లగానే ఈ అంకె వేసి ఒక కాగితం మీద రాసి మానిటర్ కింద అంటించండి. ఒత్తిడిలో ఉన్నప్పుడు లెక్క చేస్తే మన బుర్ర మనకు కావాల్సిన సమాధానమే ఇస్తుంది. ముందే రాసుకున్న అంకె బేరాలాడదు.

ఎమర్జెన్సీ అన్నీ ఒకటి కాదు

ఫెయిల్యూర్లు వచ్చే యాడ్-ఆన్లు వాడుతుంటే ఈ తేడా ముఖ్యం. ఎయిర్‌బస్ ఈక్యామ్ స్క్రీన్ మీద "ల్యాండ్ ఏఎస్ఏపీ" అనే మెసేజ్ రెండు రంగుల్లో వస్తుంది. ఎరుపు వస్తే, సురక్షితంగా దిగగలిగే దగ్గరి ఎయిర్‌పోర్ట్‌లో వీలైనంత త్వరగా దిగిపోవాలి. అంబర్ వస్తే, దగ్గర్లో ఉన్న అనువైన ఎయిర్‌పోర్ట్‌లో దిగే విషయం ఆలోచించాలి.

"దగ్గరిది" వేరు, "అనువైనది" వేరు. చూసుకోవాల్సినవి ఇవి:

- రన్‌వే పొడవు: ఫ్లాప్స్ పూర్తిగా రాకపోయినా, బ్రేకులు సగమే పనిచేసినా ల్యాండింగ్ దూరం బాగా పెరుగుతుంది.
- వాతావరణం: మెటార్ చదవకుండా తిరిగితే ఒక తుఫాను నుంచి ఇంకో తుఫానులోకి వెళ్లినట్టే.
- బరువు: ఏ320నియో టేకాఫ్ బరువు 79 టన్నుల దాకా ఉంటుంది, ల్యాండింగ్ పరిమితి 67.4 టన్నులు. ఏ320లో ఇంధనాన్ని గాల్లో వదిలేసే సదుపాయం లేదు. టేకాఫ్ అయిన కాసేపటికే సమస్య వస్తే, తిరిగి ఖర్చు చేసుకోవాలి లేదా ఓవర్‌వెయిట్ ల్యాండింగ్ చెక్‌లిస్ట్‌తో దిగాలి. మంట, పొగ లాంటివి అయితే బరువు గురించి ఆగకూడదు.
- ఎత్తు: దిగాల్సిన వేల అడుగులను 3తో గుణిస్తే కావాల్సిన నాటికల్ మైళ్లు వస్తాయి. 35,000 అడుగుల నుంచి అయితే సుమారు 105. అంటే సరిగ్గా కింద కనిపించే ఎయిర్‌పోర్ట్ కన్నా, 100 మైళ్ల ముందున్నది చాలాసార్లు మేలు.

చేతులు ముందు, నోరు తర్వాత

నిజమైన పైలట్లకు నేర్పే క్రమం ఇదే: ముందు విమానాన్ని అదుపులో ఉంచు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే మాట్లాడు. మనలో చాలామంది రివర్స్‌లో చేస్తాం. అలారం మోగగానే మైక్ బటన్ నొక్కేస్తాం.

ఆటోపైలట్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. చెక్‌లిస్ట్ మొదలుపెట్టండి. ఎయిర్‌బస్ అయితే ఎంసీడీయూలో ఫ్లైట్ ప్లాన్ పేజీలో ఒక వేపాయింట్ దగ్గర లేటరల్ రివిజన్ తెరిచి, న్యూ డెస్ట్ దగ్గర కొత్త ఎయిర్‌పోర్ట్ కోడ్ ఇవ్వండి. బెంగళూరుకి వీఓబీఎల్. లేదంటే ముందే పెట్టుకున్న ఆల్టర్నేట్‌ని ఎనేబుల్ చేస్తే సరిపోతుంది.

ఇక రేడియో. ప్రాణాపాయం ఉంటే "మేడే" మూడుసార్లు. అర్జెంటే కానీ తక్షణ ప్రమాదం లేకపోతే "ప్యాన్ ప్యాన్" మూడుసార్లు. ఆ తర్వాత కాల్‌సైన్, సమస్య ఏంటి, ఏం చేయబోతున్నారు, ఎక్కడున్నారు, ఎంతమంది ఉన్నారు, ఎంతసేపటి ఇంధనం ఉంది. ట్రాన్స్‌పాండర్ 7700.

ఫ్యూయల్ విషయంలో రెండు మెట్లు ఉన్నాయి. "మినిమమ్ ఫ్యూయల్" అంటే ఇక ఆలస్యం చేస్తే రిజర్వ్‌లోకి వెళ్తానని కంట్రోలర్‌కి చెప్పడం, అది ఎమర్జెన్సీ కాదు. దిగేసరికి ఫైనల్ రిజర్వ్ కన్నా తక్కువ మిగులుతుందని లెక్క తేలితే మాత్రం "మేడే ఫ్యూయల్" చెప్పాల్సిందే. నేను 780తో దిగాను, చెప్పాల్సిన మేడే చెప్పలేదు. సిగ్గుపడ్డాను. సిమ్‌లో కూడా!

వాట్‌సిమ్‌లో ఎగిరేవాళ్లు రెండు రూల్స్ గుర్తుపెట్టుకోవాలి. కంట్రోలర్ ఎమర్జెన్సీ ఆపేయమంటే వెంటనే ఆపాలి, కుదరకపోతే డిస్‌కనెక్ట్ అవ్వాలి. హైజాక్ కోడ్ 7500 అసలు వాడకూడదు, సరదాకి కూడా. రద్దీ ఈవెంట్‌లో మీ ఇంజిన్ ఫెయిల్యూర్ వల్ల వెనక ఇరవై మంది హోల్డ్‌లో పడతారు. ఆ కంట్రోలర్ కూడా ఆఫీస్ అయ్యాక వచ్చి కూర్చున్న మనిషే.

గాడ్జెట్ల వైపు నుంచి ఒక మాట

సిమ్ విండోని మినిమైజ్ చేసి చార్ట్ వెతకడం మానేయండి. పాత ట్యాబ్ ఉంటే చార్ట్‌లకు పెట్టుకోండి, సిమ్‌బ్రీఫ్ ప్లాన్ ఫోన్‌లో తెరిచి ఉంచండి. ఖరీదైన జాయ్‌స్టిక్ కన్నా ఈ రెండో స్క్రీన్ డైవర్షన్‌లో ఎక్కువ ఉపయోగపడుతుంది. బయల్దేరే ముందే ఆల్టర్నేట్ ఎయిర్‌పోర్ట్ అప్రోచ్ చార్ట్ ఒక్కసారి తెరిచి చూడండి. రెండు నిమిషాల పని.

అసలు బగ్ ఎక్కడుంది?

సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ కళ్లతో చూస్తే, నా ఫ్లైట్‌లో రెండు తప్పులున్నాయి. ఒకటి నాది. రెండోది మా సిస్టమ్‌ది. అది చెక్ చేసింది ఒకటే: దిగిన ఎయిర్‌పోర్ట్, షెడ్యూల్‌లోని ఎయిర్‌పోర్ట్ ఒకటేనా కాదా? సరైన నిర్ణయానికి శిక్ష, తప్పుడు నిర్ణయానికి బహుమతి. ఏ రూల్ పెడితే జనం ఆ రూల్ ప్రకారమే ఆడతారు.

సీనియర్‌తో మాట్లాడాక ఇద్దరం కూర్చుని దాన్ని మార్చాం. మీరు కూడా వీఏ నడుపుతుంటే ఇవి పనికొస్తాయి:

1. పైరెప్‌లో "డైవర్టెడ్" అనే స్టేటస్ విడిగా పెట్టాం. షెడ్యూల్ ఎయిర్‌పోర్ట్, దిగిన ఎయిర్‌పోర్ట్ రెండూ వేర్వేరు ఫీల్డులు.
2. కారణం రాయడం తప్పనిసరి. రాస్తే వరస తెగదు. అదనపు పాయింట్లు కూడా రావు. దూరపు ఫ్లైట్లను మధ్యలోనే ముగించడానికి దీన్ని వాడుకోకుండా ఇది అడ్డం.
3. ఫైనల్ రిజర్వ్ కన్నా తక్కువతో దిగితే, సరైన ఎయిర్‌పోర్ట్‌లో దిగినా సరే, రివ్యూకి వెళ్తుంది.
4. విమానం ఇప్పుడు ఎక్కడుందో డేటాబేస్‌లో అప్‌డేట్ అవ్వాలి. మొదట ఇది మర్చిపోయాం. విమానం బెంగళూరులో ఉంటే సిస్టమ్ దాన్ని హైదరాబాద్ నుంచి ఇంకో పైలట్‌కి బుక్ చేసేసింది. ఇప్పుడు దాన్ని వెనక్కి తెచ్చే ఫెర్రీ ఫ్లైట్ ఆటోమేటిక్‌గా క్రియేట్ అవుతుంది. తమాషా ఏంటంటే, ఆ ఫెర్రీ ఫ్లైట్ల కోసం మా వాళ్లు పోటీ పడుతున్నారు.

ఆటే కదా అనుకుంటే...

2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737 వానలో దిగుతూ రన్‌వే దాటి లోయలో పడింది. 21 మంది చనిపోయారు. మొదటి ప్రయత్నంలో గో అరౌండ్ చేసి, రెండోసారి తోక వైపు గాలితో దిగారు. 8,858 అడుగుల రన్‌వేలో దాదాపు సగం దాటాక చక్రాలు నేలను తాకాయి. దర్యాప్తు నివేదిక స్థిరంగా లేని అప్రోచ్‌ని కొనసాగించడాన్ని ప్రధాన కారణంగా చెప్పింది. డైవర్ట్ అవ్వడానికి వేరే ఎయిర్‌పోర్ట్‌లు ఉన్నాయని, మరుసటి ఉదయం కెప్టెన్ మరో ఫ్లైట్ నడపాల్సి ఉందన్న విషయం కూడా నిర్ణయం మీద ప్రభావం చూపిందని పేర్కొంది.

ఆ కాక్‌పిట్‌లో ఉన్న అనుభవం ముందు మన సిమ్ గంటలు ఎందుకూ పనికిరావు. వాళ్లని తప్పుపట్టడానికి ఇది చెప్పట్లేదు. "వెళ్లాల్సిన చోటికే వెళ్లాలి" అనే లాగుడు అంత అనుభవం ఉన్నవాళ్లనే లాగితే, ర్యాంక్ కోసం కూర్చున్న నన్ను లాగడంలో వింతేముంది?

నా 46 ఫ్లైట్ల వరసలో ఆ ఒక్క ఫ్లైట్‌ని నేనే అడిగి రిజెక్ట్ చేయించుకున్నాను. కౌంటర్ సున్నా నుంచి మొదలైంది. 777 ర్యాంక్ రావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఈ మధ్యలో రెండుసార్లు డైవర్ట్ అయ్యాను. రెండుసార్లూ మానిటర్ కింద అంటించిన కాగితం మీద అంకె రాగానే తిరిగిపోయాను, ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

ఈసారి హోల్డింగ్‌లో పడితే మీరు కూడా ముందు ఆ అంకె రాసుకోండి.