మడిలో కూరగాయలు, డబ్బాలో చేప: పావుగంటలో తేలికైన మధ్యాహ్న భోజనం

జీవామృతం, కషాయాల గురించి మనం చాలానే చెప్పుకున్నాం. ఈసారి మన కంచం గురించి చెప్పుకుందాం.

ప్రకృతి వ్యవసాయం చేసే చాలా ఇళ్ళల్లో నేను చూసేది ఒకటే. మడిలో పదిహేను రకాల కూరగాయలు, ఆకుకూరలు ఉంటాయి. తెల్లారగానే కోసి, కట్టలు కట్టి, సంతకి పంపేస్తాం. మధ్యాహ్నం గట్టు మీద క్యారేజీ విప్పితే మాత్రం నిండా తెల్లన్నం, ఓ మూల ఆవకాయ, కాస్త మజ్జిగ. మందులేని కూరగాయలు కొనుక్కున్నవాళ్ళు తింటున్నారు, పండించినవాళ్ళు తినట్లేదు. అంత అన్నం తిన్నాక నిద్ర ముంచుకొస్తుంది, ఎండలో వంగి పని చెయ్యలేం. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే సంగతి చెప్పక్కర్లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క చూడండి. రోజుకి 2000 కేలరీల తిండిలో కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉండాలి. బియ్యం, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములే. మన కంచంలో లెక్క తిరగబడి ఉంది. దాన్ని సరిచెయ్యడానికి పొలంలోనే చేసుకునే ఒక భోజనం ఈ వీడియోలో చూపించాను. కొలతలు, జాగ్రత్తలు ఇక్కడ రాస్తున్నాను.

డబ్బా చేప ఎందుకు?

తాజా చేప దొరికితే దానికి మించింది లేదు. చెరువు చేప, కాలవ చేప దొరికిన రోజు అదే వండుకోండి. కానీ చాలా ఊళ్ళకి చేపలు వచ్చేది వారానికి ఒకట్రెండుసార్లే. కడగాలి, పొలుసు తియ్యాలి, వండాలి. నాట్లు, కలుపు రోజుల్లో అంత తీరిక ఎవరికుంది? అలాంటి రోజులకి డబ్బా పనికొస్తుంది. ఇప్పుడు పట్టణాల్లో సూపర్ మార్కెట్లలో దొరుకుతోంది. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళు కూడా తెస్తుంటారు.

"మనం ప్రకృతి వ్యవసాయం చేస్తూ డబ్బా తిండి తినడమేంటండీ?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డబ్బాలో చేప పాడవ్వకుండా ఉండేది మందు వల్ల కాదు. చేపని డబ్బాలో పెట్టి, గాలి చొరకుండా మూసేసి, ఆవిరి ఒత్తిడితో సుమారు 121 డిగ్రీల వేడిలో ఉడికిస్తారు. లోపలున్న సూక్ష్మజీవులు చస్తాయి, బయటివి లోపలికి పోలేవు. అంతే సూత్రం. 1800ల మొదట్లో ఫ్రాన్స్‌లో నికోలా అప్పెర్ అనే ఆయన గాజు సీసాల్లో మొదలుపెట్టిన పద్ధతే ఇది.

ఏ చేప తీసుకోవాలి?

నా ఓటు సార్డిన్‌కే. మన తీరంలో కవళ్ళు అంటారు. డబ్బాలో ఉడికి ముల్లు మెత్తబడిపోతుంది, కాబట్టి ముల్లుతో సహా తినొచ్చు. 100 గ్రాముల్లో మాంసకృత్తులు సుమారు 24 గ్రాములుంటాయి. ముల్లుతో తింటే కాల్షియం కూడా దాదాపు 300 మిల్లీలీటర్ల పాలలో ఉన్నంత వస్తుంది. గుండెకి మేలు చేసే ఒమేగా-3 కొవ్వు ఉంటుంది. ట్యూనా కూడా మంచిదే. కాకపోతే పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువ చేరే అవకాశం ఉంది. గర్భిణులకి, చిన్నపిల్లలకి సార్డిన్ లాంటి చిన్న చేపే మేలు.

కొనేటప్పుడు నాలుగు చూడండి:

1. డబ్బా ఉబ్బినా, తుప్పు పట్టినా, అంచు సొట్టపోయినా వద్దు. ఉబ్బిన డబ్బా ఇంట్లో ఉంటే రుచి కూడా చూడకుండా పారేయండి.
2. నీళ్ళలో పెట్టినదా, ఉప్పునీళ్ళలోనా, నూనెలోనా చదవండి. తేలికైన భోజనానికి నీళ్ళలోది మంచిది.
3. సోడియం ఎంతో చూడండి. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే 1 గ్రాము ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పేది 5 గ్రాముల లోపు.
4. రెండు బరువులు రాసి ఉంటాయి. నీరు తీసేసిన బరువే అసలు చేప బరువు. ధర దాంతోనే పోల్చుకోండి.

కావలసినవి (ఇద్దరికి)

చేప డబ్బా చిన్నది 1, కీర దోసకాయ 1, టమాటాలు 2, లేత ముల్లంగి 1, ఉల్లిపాయ 1, పచ్చిమిర్చి 1, మునగాకు రెండు గుప్పిళ్ళు, కొత్తిమీర, పుదీనా, కరివేపాకు, నిమ్మకాయ 1, వెల్లుల్లి 4 రెబ్బలు, ఆవాలు, జీలకర్ర, చిటికెడు పసుపు, గానుగ నూనె 2 చెంచాలు. పొద్దున వండి తెచ్చుకున్న కొర్ర అన్నం 2 చిన్న గిన్నెలు, లేదా జొన్నరొట్టెలు 2.

చేసే విధానం

కీర, టమాటా, ముల్లంగి, ఉల్లిపాయ సన్నగా తరిగి పక్కన పెట్టండి. డబ్బా తెరిచి నీరు వంపేసి, చేపని చేత్తో చిన్న ముక్కలుగా విడదీయండి. మూకుడులో నూనె వేసి ఆవాలు, జీలకర్ర, దంచిన వెల్లుల్లి, కరివేపాకు, పచ్చిమిర్చి వేగనివ్వండి. పసుపు, మునగాకు వేసి మూడు నాలుగు నిమిషాలు మగ్గనివ్వండి. తర్వాత చేప వేసి రెండు నిమిషాలు కలిపి దించేయండి. చేప ముందే ఉడికింది, ఎక్కువసేపు ఉంచితే పొడిపొడి అయిపోతుంది.

కాస్త చల్లారాక పచ్చి ముక్కలు, కొత్తిమీర, పుదీనా కలిపి నిమ్మకాయ పిండండి. ఉప్పు వెయ్యకండి, ముందు రుచి చూడండి. చేపలో ఉన్న ఉప్పుకి నిమ్మ పులుపు తోడైతే చాలామందికి సరిపోతుంది. నిమ్మ, టమాటాల్లో ఉండే విటమిన్ సి వల్ల మునగాకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. రక్తం తక్కువున్న ఆడవాళ్ళకి ఇది ముఖ్యం.

కంచంలో సగం ఈ కూరగాయల చేప, పావు వంతే అన్నం. కడుపు నిండుతుంది, బరువుగా ఉండదు.

చేప తిననివాళ్ళు ఉడికించిన అలసందలు గానీ, ఆవిరి పట్టిన పెసర మొలకలు గానీ ఇదే పద్ధతిలో కలుపుకోవచ్చు.

ఈ మాట మాత్రం మర్చిపోవద్దు

రసాయనం కొట్టలేదు కదా అని మడిలో కీరకాయ తెంపి, చొక్కాకి తుడిచి కొరికేస్తుంటాం. 200 లీటర్ల జీవామృతంలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం ఉంటాయి. నేలకి అది ప్రాణం. పచ్చిగా తినే కాయ మీద పడితే కడుపుకి చేటు. పేడలో విరేచనాలు తెప్పించే సూక్ష్మజీవులు కూడా ఉండొచ్చు. అందుకే పచ్చిగా తినే కీర, టమాటా, కొత్తిమీర, పుదీనాలకి కోతల సమయంలో జీవామృతం పైన పిచికారీ చెయ్యకండి, మొదట్లో నేలకే ఇవ్వండి. మడి నీళ్ళతో కాకుండా తాగే నీళ్ళతో రెండు మూడుసార్లు రుద్ది కడగండి. ముల్లంగికి మట్టి ఉంటుంది, చెక్కు తీసేయండి. మన దగ్గర కొనేవాళ్ళకి కూడా ఈ మాట చెప్పండి. "మందులేనిది" అంటే "కడగక్కర్లేనిది" అని వాళ్ళు అనుకోకూడదు.

తెరిచిన డబ్బా ఎండలో ఉంచి సాయంత్రం తినొద్దు. వేడికి చేపలో పుట్టే కొన్ని విషాలు మళ్ళీ వేడి చేసినా పోవు. దద్దుర్లు, తలనొప్పి, వాంతులు రావొచ్చు. పొలంలో ఫ్రిజ్ ఉండదు కాబట్టి తినే ముందే తెరవండి, ఆ పూటే అవగొట్టండి.

డబ్బా నీళ్ళు మొక్కలకి పోయొచ్చా?

వద్దు. మనం చేప వ్యర్థాలు, బెల్లం సమానంగా కలిపి మాగబెట్టి ఫిష్ అమైనో చేసుకుంటాం కదా, దానికి తాజా చేప తల, పొట్ట పేగులే సరైనవి. డబ్బా నీళ్ళలో ఉప్పు, ఒక్కోసారి నూనె ఉంటాయి. ఉప్పు నేలలో చేరితే వేరుకి నష్టం, వానపాములకీ నష్టం. ఖాళీ డబ్బా కూడా గట్టు మీద విసరకండి. ఆ అంచు కత్తిలా ఉంటుంది. పశువు మూతి పెట్టినా, కలుపు తీసేవాళ్ళ కాలికి తగిలినా గాయమే. కడిగి పాత ఇనుము వాళ్ళకి వేసేయండి.

రోజూ డబ్బా చేప తినమని నేను చెప్పట్లేదు. తీరిక లేని రోజున వారానికి ఒకటి రెండుసార్లు చాలు. రోజూ చెయ్యాల్సింది వేరే ఉంది. సంతకి కట్టలు కట్టే ముందు మన ఇంటికని ఒక బుట్ట పక్కన పెట్టండి. మొదటి కోత మన కంచానికి, తర్వాతే బండికి. మీ మడిలో ఇప్పుడు ఏమేం కాస్తున్నాయో, వాటిలో ఎన్ని మీ మధ్యాహ్నం భోజనంలోకి వస్తున్నాయో ఓసారి లెక్క వేసి రాయండి.