పరిశోధనలో ఇష్టాగోష్ఠి

మహాకార్యం అనేకుల చేతుల మీదుగా సాగేటప్పుడు, పని తెలిసినవారు ఉండటం ఎంత అవసరమో, వారి నడుమ మాట ఉండటమూ అంతే అవసరం. సమావేశాలు, నివేదికలు అధికారిక సమాచార మార్గాలు. భోజనశాలలో, తేనీటి వేళలో సాగే సహజ సంభాషణ అనధికారిక మార్గం. దీనినే ఇష్టాగోష్ఠి అంటారు.

టీకా తయారీ ఇందుకు చక్కని ఉదాహరణ. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి వ్యాధికి ఒకప్పుడు మనకు విదేశీ టీకాయే దిక్కు. దాని ధర సామాన్యునికి అందేది కాదు. ఈ కొరత తీర్చాలని ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో తన తల్లి పేరిట శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించారు. తొలి పరిశోధనలు ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను, తరువాత హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. ప్రాంగణంలోను జరిగాయి. 1997లో ‘శాన్‌వాక్-బి’ టీకా వెలువడింది. మేడ్చల్ దాని ఉత్పత్తి కేంద్రమైంది.

ఇటువంటి టీకా ఒక్క బృందం వల్ల సిద్ధించదు. ఒక బృందం వైరస్ ప్రొటీనుకు చెందిన జన్యువును ఈస్ట్ కణంలో ప్రవేశపెడుతుంది. రెండవది ఆ కణాలను పెద్ద పాత్రలలో పెంచుతుంది. మూడవది ప్రొటీనును వేరుచేసి శుద్ధి చేస్తుంది. నాలుగవది నాణ్యతను పరీక్షిస్తుంది. ఒకనాడు శుద్ధి విభాగంలో వడపోత మందగించిందనుకుందాం. కారణం ఆ గదిలో వెదికితే దొరకకపోవచ్చు. “ఈసారి నురుగు అణచడానికి మందు ఎక్కువ పట్టింది” అని కణాలు పెంచేవారు యథాలాపంగా అన్న మాట చిక్కుముడిని విప్పవచ్చు. ఆ సంగతి నివేదికలోనూ ఉంటుంది. కాని నివేదిక అడిగిన ప్రశ్నకే బదులిస్తుంది. ఇష్టాగోష్ఠి అడగవలసిన ప్రశ్నను స్ఫురింపజేస్తుంది.

ఈ సంభాషణకు దూరమే ప్రధాన శత్రువు. పనిచేసే స్థలాల మధ్య దూరం పెరిగేకొద్దీ ఇంజనీర్ల మధ్య సంభాషణ వేగంగా తగ్గిపోతుందని అమెరికా ఆచార్యుడు థామస్ అలెన్ 1977లో ప్రకటించిన గ్రంథంలో నిరూపించారు. హబ్సిగూడకు, మేడ్చల్‌కు నడుమ పాతిక కిలోమీటర్లకు పైగా దూరముంది. అటువంటి చోట రాకపోకలే మాటకు వంతెనలు. శామీర్‌పేట సమీపాన తుర్కపల్లిలో 1999లో ఏర్పడిన నాలెడ్జ్ పార్క్ అనేక సంస్థల ప్రయోగశాలలను ఒకే ఆవరణలోకి చేర్చింది. ఇరుగుపొరుగున ఉన్నవారికి పలకరింపు సులభం.

అయితే ఇష్టాగోష్ఠికీ హద్దులున్నాయి. సంస్థ రహస్యాలు గడప దాటరాదు. నోటిమాటతో తయారీ పద్ధతి మార్చరాదు. మాటల్లో తోచినది పరీక్షకు నిలవాలి. నిలిచినది లిఖితం కావాలి. ఎందుకంటే ఆ సీసాలోని మందు చివరకు చేరేది పసిబిడ్డ శరీరంలోకి. మాట మార్గం చూపుతుంది. వ్రాత దానిని భద్రపరుస్తుంది. రెండూ కలిసినప్పుడే విజ్ఞానం ప్రజాహితమవుతుంది.